టిచ్ బటన్ అంత అతుకు



జాకెట్టుకి టిచ్ బటన్లు కుట్టేవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. రెండు బిళ్ళలు ఎదురెదురుగా పెట్టి బొటనవేలితో నొక్కితే ‘టిక్’ మంటుంది. ఆ చప్పుడు వినపడితే పడ్డట్టు. వినపడకపోతే, పైకి మూసుకున్నట్టే కనపడినా, చెయ్యెత్తగానే ఊడిపోతుంది. ఇవాళ నేను చెప్పబోయేది అలాంటి బొత్తాం గురించే. కాకపోతే ఇది బట్టకి కుట్టేది కాదు, రేడియో తరంగం నడిచే తీగ చివర ఉండేది. దాన్ని కోయాక్సియల్ కనెక్టర్ అంటారు. అందులోనూ మర తిప్పి బిగించేవి కాకుండా, నొక్కితే టిక్కున పడే రకం గురించి మాట్లాడతాను.

అదెక్కడో పెద్ద పెద్ద యంత్రాల్లో ఉంటుందనుకోకండి. మీ జేబులో సెల్‌ఫోన్ ఉంటే అందులోనే ఉండొచ్చు. చాలా ఫోన్లలో పై బోర్డు నుంచి కింద బోర్డుకి దారప్పోగు లాంటి సన్నటి నల్ల వైరు ఒకటి వెళుతుంది. దాని రెండు కొసలా ఆవగింజంత లోహపు టోపీలు ఉంటాయి. ఫోను కిందపడ్డాక సిగ్నల్ గీతలు నాలుగు కాస్తా ఒకటికి పడిపోయిందంటే, సెల్ రిపేరు కుర్రాళ్ళు మూత తీసి ముందు చూసే చోట్లలో అదొకటి. ఒక్కోసారి గోటితో నొక్కితే చాలు, మిగతా మూడు గీతలూ తిరిగొస్తాయి.

నేను చిలకలూరిపేటలో రేడియోలు, టీవీలు బాగుచేసి బతికినవాణ్ణి. మా కొట్టు వెనకాలే జిన్నింగు మిల్లు ఉండేది. సీజన్లో పత్తి నుసి గాలిలో తేలుతూ వచ్చి, బల్ల మీద విప్పి పెట్టిన ప్రతి సెట్టు మీదా పల్చటి ముసుగులా పరుచుకునేది. పొద్దున్నే కుంచె పెట్టి దులుపుకుంటే తప్ప పని మొదలయ్యేది కాదు. ఇన్నేళ్ళలో నా చేతికొచ్చిన జబ్బుల్లో ఎక్కువ భాగం పార్టు కాలిపోయినవి కావు, అతుకు వదిలినవి. మన ఊళ్ళల్లో దానికి చిన్నపిల్లలక్కూడా తెలిసిన పేరుంది, లూజు కాంటాక్టు. మామూలు కరెంటు తీగలో లూజు కాంటాక్టు ఉంటే బల్బు మినుకుమినుకుమంటుంది, మనకి తెలిసిపోతుంది. రేడియో తరంగం నడిచే తీగలో మాత్రం అది అంత తేలిగ్గా బయటపడదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ తీగ సంగతి కొంచెం చెప్పాలి.

కోయాక్సియల్ కేబుల్ని మీ ఇంటి డిష్ వైరు కోసినప్పుడు చూసే ఉంటారు. నడుమ ఒక రాగి తీగ, చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, దాని మీద అల్లిన జాలీ, పైన నల్లటి తొడుగు. లండన్‌లో పుట్టిన ఆలివర్ హెవిసైడ్ 1880లో ఈ ఏర్పాటుకి పేటెంటు తీసుకున్నాడు. ఇందులో సిగ్నల్ నడిచేది నడిమి తీగ కడుపులో కాదు. తీగకీ జాలీకీ మధ్యనున్న ఆ తెల్లటి ఖాళీలో తరంగంగా ప్రయాణిస్తుంది. సాగర్ కుడి కాలువని తలుచుకోండి. గట్లు రెండూ సమానంగా ఉన్నంతసేపూ నీళ్ళు ఒరవడిగా పోతాయి. ఒకచోట కాలువ ఉన్నట్టుండి ఇరుకైతే అల గట్టుకి కొట్టుకుని కొంత వెనక్కి మళ్ళుతుంది. కేబుల్లో కూడా అంతే. నడిమి తీగ మందానికీ చుట్టూ ఉన్న జాలీ వెడల్పుకీ ఒక లెక్క ఉంటుంది. మధ్యలో గాలి మాత్రమే ఉంటే, జాలీ వ్యాసం తీగ వ్యాసానికి 2.3 రెట్లయితే అది 50 ఓముల కేబుల్, మూడున్నర రెట్లయితే 75 ఓములది. ప్లాస్టిక్ నింపితే ఆ లెక్క కాస్త మారుతుంది. టీవీలకి 75 వాడతాం, మాట్లాడుకునే సెట్లకి 50.

మరి ఆ కేబుల్ని ఇంకోదానికి తగిలించేచోట ఏమవుతుంది? అక్కడా ఆ నిష్పత్తి చెడకూడదు. కనెక్టర్ అంటే రెండు తీగల్ని ముడేసే వస్తువు మాత్రమే కాదు, కాలువ వెడల్పు మారకుండా కట్టిన వంతెన. అందుకే ఈ చిన్న వస్తువు మీద గొప్ప గొప్ప ఇంజనీర్లు జీవితాలు పెట్టారు. బెల్ లాబొరేటరీస్‌లో పనిచేసిన పాల్ నీల్, ఆంఫినాల్ కంపెనీకి చెందిన కార్ల్ కాన్సెల్మన్, ఈ ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే ఇవాళ వీడియో కెమెరాల వెనక, ల్యాబుల్లో ఆసిలోస్కోపుల ముందు కనపడే బీఎన్‌సీ కనెక్టర్ పేరులో ఉన్నాయి. అది పావు వంతు తిప్పితే పడే రకం. ఆ తర్వాత 1960ల్లో తిప్పే పని కూడా లేకుండా నొక్కితే పడే ఎస్ఎంబీ వచ్చింది. 1980ల్లో దానికంటే దాదాపు మూడోవంతు సన్నటి ఎంసీఎక్స్ వచ్చింది, ఆ తర్వాత ఇంకా చిన్నదైన ఎంఎంసీఎక్స్. ఎస్ఎంబీ 4 గిగాహెర్ట్జ్ దాకా, తక్కిన రెండూ 6 గిగాహెర్ట్జ్ దాకా పనికొస్తాయి.

ఆ ‘టిక్’ ఎక్కణ్ణుంచి వస్తుందో చెబుతాను, ఎందుకంటే ఈ వస్తువు అందమంతా అక్కడే ఉంది. ఒకవైపు గొట్టం గోడని నిలువునా చీల్చి రేకల్లాగా చేస్తారు. ఆ రేకల అంచున సన్నటి ఉబ్బు ఉంటుంది. రెండోవైపు గొట్టంలో ఆ ఉబ్బుకి సరిపోయే గాడి ఉంటుంది. నొక్కినప్పుడు రేకలు ముడుచుకుంటాయి, గాడి రాగానే విచ్చుకుని అందులో కూర్చుంటాయి. ఆ విచ్చుకోవడమే టిక్కు. ఇది జరగాలంటే రేకలకి స్ప్రింగు గుణం ఉండాలి. ఒట్టి రాగి మెత్తన, వంగితే వంగినట్టే ఉండిపోతుంది. అందుకని రాగిలో కాస్త బెరీలియం కలిపి, వేడిచేసి గట్టిపరిచిన లోహం వాడతారు. దాని మీద బంగారు పూత. బంగారం డాబు కోసం కాదు. ఎంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ అయితే కరెంటు అంత పైపైనే పాకుతుంది. జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో కరెంటు దిగే లోతు సుమారు 1.7 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో నలభయ్యో వంతు. పైన ఆ పొర మీద చిలుమో మురికో పట్టిందంటే సిగ్నల్ నడిచే దారికే అడ్డం పడ్డట్టు. బంగారానికి చిలుము పట్టదు.

ఇక మొన్నటి మిరప సీజన్ సంగతి. పెదనందిపాడు దగ్గర నుంచి ఒక కుర్రాడు బండి మీద డ్రోన్ కట్టుకుని వచ్చాడు. 2021–22లో నల్ల తామర పురుగు మన మిరపని ఊడ్చిపెట్టింది గుర్తుందా? దాని తర్వాత మా వైపు పిచికారీ అంటే రైతులకి మామూలు పని కాదు, చావుబతుకుల పని అయింది. కూలీలు దొరకరు, మందు ముక్కుల్లోకి పోతుంది. అందుకని డ్రోన్లు దిగాయి. గుంటూరు పక్కన లాంలోని ఆచార్య ఎన్‌.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కుర్రాళ్ళకి వాటిని నడపడం నేర్పుతున్నారు కూడా. ఈ అబ్బాయి మొహం చూస్తే రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తోంది.

“బాబాయ్, యాభై గజాలు దాటితే చాలు, సిగ్నల్ పోయిందంటది. దానంతటదే వెనక్కొచ్చి గట్టు మీద దిగుతది. రెండ్రోజుల కింద దాకా బాగానే తిరిగింది. కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే బోర్డు మార్చాలంటన్నారు.”

“ఎక్కడన్నా పడిందేంట్రా?”

“పళ్ళేదు బాబాయ్.”

“మరి పైమూత ఎవరన్నా విప్పారా?”

కాసేపు నేల చూసి చెప్పాడు. “మొన్న మందు జిడ్డు తుడుద్దామని మా తమ్ముడు విప్పాడు. మళ్ళీ అన్నీ బిగించాం.”

మూత తీశాను. లోపల మూలమూలలా ఎర్రటి నుసి, కల్లం గాలికి లేచిన మిరప పొడి. దాని కింద మందు తుంపర ఎండిన తెల్లటి చారలు. రిసీవర్ బోర్డు మీద యాంటెన్నా వైరు చివరి టోపీ, తాను కూర్చోవాల్సిన ముంత మీదే ఉంది. చూస్తే తగిలించినట్టే ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఒకవైపు పడి, రెండోవైపు వెంట్రుకవాసి లేచి ఉంది. బయటి అంచు తగులుతోంది, నడిమి పిన్ను తగలడం లేదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. యాంటెన్నా ఊడిపోతే అసలు పలక్కూడదు కదా, యాభై గజాలు ఎలా పలికింది అని అడుగుతారు. రిమోట్ పంపే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. అంత పొట్టి తరంగానికి బోర్డు మీదున్న చిన్న రాగి గీత కూడా ఎంతో కొంత యాంటెన్నాగా పనిచేస్తుంది. దగ్గరున్నంతసేపూ వినపడుతుంది, దూరమయ్యేసరికి మాయమవుతుంది. రిమోట్ మాట వినపడని డ్రోన్, ముందే చెప్పి ఉంచిన ప్రకారం బయల్దేరిన చోటికి తిరిగొచ్చేస్తుంది. అది యంత్రం చెడిపోవడం కాదు, బుద్ధిగా నడుచుకోవడం. బోర్డులో ఏ లోపమూ లేదు.

టోపీని పైకి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచిన దూదితో రెండువైపులా తుడిచి, ఆరనిచ్చి, ముంతకి సరిగ్గా పైన నిలిపి, బొటనవేలి గోటితో తిన్నగా నొక్కాను. టిక్ మంది. ఆ చప్పుడు ఆ అబ్బాయికీ వినిపించింది. “అంతేనా బాబాయ్?” అన్నాడు. కొత్త బోర్డు ఖరీదు తలుచుకుంటే వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం కోపం వచ్చింది. లోపల ఏముందో కంపెనీవాళ్ళు ఒక్క కాగితం మీద ఒక్క బొమ్మ వేసి ఇచ్చి ఉంటే, ఆ కుర్రాడి కుటుంబానికి మందు కొట్టే అదను రెండ్రోజులు పోయేది కాదు.

ఆ టోపీ రకం పేరు యు.ఎఫ్‌ఎల్. జపాన్‌లోని హిరోసే కంపెనీ తెచ్చింది. దాని గురించి ఒక అంకె గుర్తుపెట్టుకోండి, 30. తగిలించి తీయడం సుమారు 30 సార్లకే దానికి హామీ. ఎస్ఎంబీ, ఎంసీఎక్స్ లాంటివైతే 500 సార్ల దాకా ఓర్చుకుంటాయి. అంత తేడా ఎందుకంటే, రెండు మిల్లీమీటర్ల ముంతలో స్ప్రింగుకి చోటెక్కడిది? రాడార్ల లోపల వాడే ఎస్ఎంపీ అనే ఇంకో రకంలో తయారుచేసేవాళ్ళు టిక్కునే మూడు మెట్లుగా చేసి ఇస్తారు. గట్టిగా పట్టేది 100 సార్లు, మధ్యరకం 500, గాడి లేకుండా ఊరికే జారేది 1000. ఎంత గట్టిగా పడితే రేకలు అంత తొందరగా అలిసిపోతాయి. బడిపిల్లల సంచి టిచ్ బటన్ ఏడాది తిరక్కుండా వదులైపోవడం చూస్తుంటాం కదా.

ఇన్ని తిప్పలుంటే మర రకమే వాడొచ్చుగా అంటారా? ఒక రాడార్‌లో వందలకొద్దీ చిన్న పెట్టెలు తేనెపట్టులా పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య స్పానర్ తిప్పే చోటు ఉండదు. చెడిన పెట్టెని లాగి కొత్తది తోస్తే వెనక ఉన్న అతుకులన్నీ వాటంతటవే పడాలి. ఫోనులోనూ అంతే. కార్లలోకి వస్తే ఎస్ఎంబీనే ప్లాస్టిక్ గూట్లో పెట్టి ఫక్రా అనే కనెక్టర్ చేశారు. జీపీఎస్‌కి నీలం రంగు, సెల్‌ఫోన్ యాంటెన్నాకి ముదురు ఎరుపు, రేడియోకి నలుపో తెలుపో. ఒక రంగుది ఇంకో రంగులో దూరదు, గూటిలోని గాడులే అడ్డుకుంటాయి. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి కంటికి కనపడకపోయినా, చేత్తో తడిమి టిక్ అనిపించి ముందుకు పోతాడు.

గుంటూరు, బాపట్ల, ఒంగోలు ఇంజనీరింగు కాలేజీల పిల్లలకి ఒక మాట. మీరు కొనుక్కునే ఆర్‌టీఎల్ రిసీవర్ డాంగిళ్ళలో చాలావాటికి యాంటెన్నా సాకెట్ ఎంసీఎక్స్‌దే. లాప్‌టాప్‌కి పెట్టి 1090 మెగాహెర్ట్జ్ దగ్గర పైన పోయే విమానాల సంకేతాలు పట్టుకుంటారు, నాకెంతో ముచ్చటేస్తుంది. కానీ డిష్ వైరు లాంటి బరువైన కేబుల్ని ఆ చిటికెన గొట్టానికి వేలాడదీయకండి. కనెక్టర్ ఊడదు, బోర్డు మీద అంటించిన సాకెట్టే రాగితో సహా లేచొస్తుంది. మధ్యలో జానెడు సన్నటి వైరు పెట్టి, బరువు కేబుల్ని బల్లకి కట్టండి. తీసేటప్పుడు వైరు పట్టుకు లాగొద్దు, కనెక్టర్ ఒళ్ళు పట్టుకుని తిన్నగా తీయాలి.

ఇప్పుడు సముద్రం వైపు వెళదాం. ఈ వస్తువు మీద నాకు ప్రేమ ఉన్నా, దాన్ని ఎక్కడ నమ్మకూడదో నేర్పింది వాడరేవే. కొన్నేళ్ళ కింద అక్కడి నుంచి ఒక పెద్దాయన చేతి జీపీఎస్ ఒకటి తెచ్చాడు. పడవ కప్పు మీద యాంటెన్నా పెట్టుకుని, దాని వైరుని జీపీఎస్ వెనకున్న ఎంసీఎక్స్ సాకెట్‌కి తగిలించుకునేవాడు. తగిలించే చోట ఉండాల్సిన రబ్బరు మూత ఎప్పుడో ఊడిపోయింది.

“బాబూ, ఇంటికాడ బాగానే సూపిత్తది. సముద్రం మీదకి పోతే సాటిలైట్లు లేవంటది. ఇంటికాడున్న ఆకాశమే గదా అక్కడా?” అన్నాడు.

ఆయన మాట నిజం. ఆకాశం అదే. 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే ఆ సిగ్నల్ నేల మీదకి చేరేసరికి వాటులో పదివేల లక్షకోట్లవ వంతు మాత్రమే మిగులుతుంది. దాన్ని బతికించడానికి యాంటెన్నా లోపలే ఒక చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. దానికి కావలసిన మూడు నుంచి అయిదు వోల్టుల కరెంటు కూడా అదే వైరులో, అదే నడిమి పిన్ను గుండా వెళ్ళాలి. పిన్ను వదిలితే సిగ్నలూ పోయింది, ఆంప్లిఫయరూ పోయింది. ఇంటి దగ్గర వైరు తీసేసి సెట్టు సొంత యాంటెన్నాతో చూసుకుంటున్నాడు గనక బాగానే ఉంది. సముద్రం మీద కనెక్టర్ తగిలిస్తున్నాడు. సాకెట్లోకి భూతద్దంలో చూస్తే పచ్చటి చిలుము పేరుకుని ఉంది. బంగారం పూత అరిగినచోట ఉప్పునీరు కింది రాగి మిశ్రమాన్ని తినేసింది. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అది చిన్న బ్యాటరీ అయి కూర్చుంటుంది, తినడం ఇంకా జోరందుకుంటుంది.

టిక్కున పడే కనెక్టర్లో ఇంకో సంగతుంది. అది పడ్డాక కూడా గుండ్రంగా తిరుగుతుంది. పెట్టె లోపల అది సుఖమే, వైరు మెలిక పడదు. పడవ ఇంజను అదురుకి మాత్రం ఆ తిరగడమే శాపం. క్షణక్షణం వెంట్రుకవాసి అటూ ఇటూ రాసుకుని పూత అరిగిపోతుంది. అందుకని గాలివానకీ ఉప్పుకీ ఎదురు నిలిచే చోట నేను మర రకమే పెడతాను. లోపల రబ్బరు వాషరు ఉండే ఎన్ కనెక్టర్, దాని మీద తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు. వైరుని కనెక్టర్‌కి ముందు కిందికి వంచి, మళ్ళీ పైకి తెచ్చి తగిలించాలి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, కనెక్టర్లోకి దిగదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గంటకి 90, 100 కిలోమీటర్ల గాలి కొట్టింది. ఆ పూట పడవ మీద ఉండే 156.8 మెగాహెర్ట్జ్ పిలుపుల ఛానెల్ పలకాలంటే, గెడ మీది అతుక్కి ఆ రబ్బరు టేపు ముందు వారమే చుట్టి ఉండాలి.

ఆరుబయటి అతుకులంటే ఇంకొకటి గుర్తొస్తుంది. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని చూసే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 53 మెగాహెర్ట్జ్‌తో పనిచేస్తుంది. ఆరుబయట 1024 యాంటెన్నాలు వరసగా నిలబడి ఉంటాయి. అన్నిటి తరంగాలూ ఒక్క అడుగుతో కదిలితేనే ఆకాశంలోకి ఒకే పుంజంగా పోతాయి. ఎండకీ వానకీ నిలిచే అన్ని అతుకుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. పెద్ద పవరు దగ్గర కూడా టిచ్ బటన్ మాటే లేదు. 50 ఓముల లైన్లో 100 కిలోవాట్లు పంపితే సుమారు 45 ఆంపియర్లు పారతాయి, 2,200 వోల్టులుంటాయి. అక్కడ చేతిమందం గొట్టాలు, బోల్టులు వేసి బిగించిన అంచులు. విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ మీద ఏళ్ళ తరబడి మన పొలాల దాకా వినిపించిందంటే, అలాంటి అతుకుల్ని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉన్న ఇంజనీర్ల చలవే.

వాడరేవు పెద్దాయన జీపీఎస్‌కి సాకెట్ మార్చాను. పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి దానికి బిగుతైన మూత చేసి, పోగొట్టుకోకుండా దారంతో కట్టాను. అది ఇప్పటికీ ఉందట.

పెదనందిపాడు కుర్రాడు పోయిన నెల మళ్ళీ వచ్చాడు, ఈసారి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. డ్రోన్ బాగానే తిరుగుతోంది, జిడ్డు తుడవడం ఎలాగో చూపించమని వచ్చారు. మూత తీస్తే రిసీవర్ టోపీ మీద సిలికాన్ చుక్క ఒకటి పెట్టి ఉంది, అదురుకి లేవకుండా. నేనే చెప్పాను అది. నేను చెప్పనిది ఇంకొకటి కనపడింది. మూత లోపలి వైపు, యార్డులో మిర్చి టిక్కీలు లెక్కపెట్టేటప్పుడు గీస్తారే, అలా పెన్నుతో నిలువు గీతలు గీసి ఉన్నాయి. పక్కన 30 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు తమ్ముడు. టోపీ ఎన్నిసార్లు తీసి పెట్టారో ఆ లెక్క. అప్పటికి నాలుగు గీతలున్నాయి. నేను తుడిచి, నొక్కి, టిక్ వినిపించాక, జేబులోంచి పెన్ను తీసి అయిదోది వాడే గీశాడు.